క్లచ్ పెడల్ మీద బావతో లొల్లి

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది హనుమకొండ. హుజూరాబాద్‌లో ఎరువుల దుకాణం ఉంది, రోజూ కారు మీద పోయి వస్తా. సాయంత్రమైతే నక్కలగుట్ట దగ్గర చాయ్ హోటల్‌లో నలుగురం కూర్చుంటం. మా ముచ్చటంతా స్పోర్ట్స్ కార్ల గురించే. ఒక దోస్తు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఫోర్డ్ మస్టాంగ్ చప్పుడు విన్నడు. అప్పటి నుంచి వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్, లేనిది స్పోర్ట్స్ కారే కాదంటడు. ఇంకో దోస్తు టర్బోల లెక్కలు చెప్పి వాని నోరు మూయిస్తడు. మా బావది ఒకటే మాట, క్లచ్ పెడల్ లేని బండిల కూసునేటోడు డ్రైవర్ కాదు, ప్యాసింజర్ అని. నాకేమో డిజైన్ పట్టింపు. బీఎండబ్ల్యూ ఎం4 ముందరి గ్రిల్ చూస్తే నాకు మింగుడు పడదు. ఇప్పుడు అసలు సంగతి. సెకండ్ హ్యాండ్‌లో 2022 మోడల్ స్కోడా స్లావియా 1.5లు రెండు చూసిన. ఒకటి మాన్యువల్, ఒకటి డీఎస్‌జీ, అంటే క్లచ్ పెడల్ లేని ఆటోమేటిక్. ధర ఇంచుమించు ఒకటే. నా మనసు డీఎస్‌జీ మీద ఉంది. ఆ మాట చెప్తే బావ నలుగురిల "నీకు కారెందుకు, ఆటో మాట్లాడుకో" అన్నడు. నేనూ ఒక మాట అన్న. రెండు వారాల నుంచి మాటల్లేవు. అక్క నన్నే తప్పు పడుతున్నది. నాన్న అయితే "కొనలేని కార్ల ముచ్చట మీకెందుకురా" అంటున్నడు. మా నలుగురిల ఎవరిది కరెక్టు? నేను ఏ బండి తీసుకోవాలె?

జవాబు: తమ్ముడూ, నాన్న మాటతోనే మొదలుపెడతాను. మీ నలుగురి మాటల కన్నా నన్ను ఎక్కువగా ఆపింది అదే.

కొనలేని కారు గురించి మాట్లాడుకోవడం వట్టి పొద్దుపోని పని అని పెద్దవాళ్లు అనుకుంటారు. కానీ ఇట్లాంటి లొల్లే పెద్ద పెద్ద కంపెనీలను వెనక్కి నడిపించింది. పోర్షే 2013లో కొత్త 911 జీటీ3ని పీడీకే గేర్‌బాక్స్‌తో మాత్రమే తెచ్చింది. పీడీకే అంటే రెండు క్లచ్‌లుండి, తనంతట తానే గేర్లు మార్చుకునే రకం. ట్రాక్ మీద పీడీకేదే ఎక్కువ వేగం కాబట్టి ఇంక మూడో పెడల్ దేనికన్నది వాళ్ల లెక్క. అభిమానులు ఒప్పుకోలేదు. 2016లో అదే కంపెనీ 911 ఆర్ అని మాన్యువల్‌తో మాత్రమే 991 బండ్లు చేసింది. 2017 జీటీ3లో మాన్యువల్ తిరిగొచ్చింది. టొయోటా 2019లో సుప్రాను ఆటోమేటిక్‌గానే అమ్మింది, 2022లో ఆరు గేర్ల మాన్యువల్ జత చేసింది. పోర్షేదే ఇంకో బండి 718 కేమన్‌కు 2016లో నాలుగు సిలిండర్ల టర్బో పెడితే "ఇదేం చప్పుడు" అని లోకమంతా మొత్తుకుంది. 2020 నాటికి దాని జీటీఎస్‌లో ఆరు సిలిండర్ల 4 లీటర్ల ఇంజన్ మళ్లీ వచ్చి కూర్చుంది. ఆ మొత్తుకున్నవాళ్లందరి ఇంటి ముందు పోర్షేలు లేవు. నాన్నకు ఈ ముచ్చట ఒకసారి కూర్చోబెట్టి చెప్పు.

ఇక వీ8 దోస్తు. అతను విన్నది భ్రమ కాదు, దానికి ఇనుములోనే కారణం ఉంది. ఇంజన్‌లో పిస్టన్ల తోపును తిప్పుడుగా మార్చే ఇరుసును క్రాంక్‌షాఫ్ట్ అంటారు. మస్టాంగ్ 5 లీటర్ల ఇంజన్‌లోని దాన్ని ఎదురుగా పట్టుకుని చూస్తే, పిస్టన్లు తగులుకునే పిన్నులు ప్లస్ గుర్తులాగా నాలుగు దిక్కులకు ఉంటాయి. ఇటు నాలుగు, అటు నాలుగు సిలిండర్లు. ఒక పక్కనున్న నాలుగింటిని మాత్రమే లెక్కేస్తే అవి సమానమైన ఎడంతో పేలవు. రెండు వెంటవెంటనే పేలుతాయి, తర్వాతది కొంచెం ఆగి పేలుతుంది. పైపులోకి ఆ పొగ అదే తీరుగా వస్తుంది. డప్పు దరువు గుర్తు తెచ్చుకో. దెబ్బకూ దెబ్బకూ ఎడం ఒక్కతీరుగా లేకపోవడం వల్లనే కాళ్లు ఆగవు. మస్టాంగ్ గుడగుడ అట్లాంటిదే. ఫెరారీ వీ8లో పిన్నులు ప్లస్‌లాగా ఉండవు, ఒకే గీత మీద అటూ ఇటూ ఉంటాయి. అందులో పేలుళ్లు రెండు పక్కలా సమానంగా పంచుకుంటాయి కాబట్టి దరువు పోయి సన్నాయి వస్తుంది. ఆర్‌పీఎం, అంటే ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు, పెరిగేకొద్దీ గొంతు పైకి పోతుంది.

ఈ రెండు గొంతులూ ఒకే పేరున్న బండిలో దొరుకుతాయి. అమెరికావాళ్ల కార్వెట్ 1953 నుంచి ఇంజన్‌ను ముందు పెట్టుకునే నడిచింది. 2020 మోడల్‌తో మొదటిసారి అది సీట్ల వెనక్కి వచ్చింది. మామూలు కార్వెట్‌లో 6.2 లీటర్ల వీ8, ప్లస్ గుర్తు క్రాంక్. దాని అన్న జెడ్06లో 5.5 లీటర్ల వీ8, ఒకే గీత క్రాంక్, 8,600 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది. రెండూ వీ8లే అయినా కళ్లు మూసుకుని వింటే చుట్టాలని కూడా అనిపించవు. కాబట్టి "వీ8 చప్పుడు" అని ఒకటే మాట అనొద్దని, తనకు నచ్చింది ఏ వీ8 గొంతో తేల్చుకొమ్మని మీ దోస్తుకు చెప్పు. ఇంకొక సంగతి కూడా. మస్టాంగ్ 2016లో మన దేశానికి వచ్చినప్పుడు ఆటోమేటిక్‌తోనే వచ్చింది. బావ లెక్క ప్రకారం చూస్తే ఆ రోజు ఔటర్ మీద ఆ చప్పుడు చేసింది ప్యాసింజరే. ఈ ఒక్క ఉదాహరణ మీద వాళ్లిద్దరూ తేల్చుకోవాల్సింది చాలా ఉంది.

టర్బో దోస్తు చేతిలో కాగితం ఉంటే అతన్ని ఎవరూ ఓడించలేరు. ఫెరారీ 458లో 4.5 లీటర్లు, టర్బో లేదు, 570 హార్స్ పవర్, 540 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. ఆ టార్క్ అందాలంటే 6,000 ఆర్‌పీఎం దాకా తొక్కాలి. 2015లో దాని చోట వచ్చిన 488లో ఇంజన్ 3.9 లీటర్లకు తగ్గింది, టర్బోలు వచ్చాయి, 670 హార్స్ పవర్, 760 న్యూటన్ మీటర్లు, అదీ 3,000 ఆర్‌పీఎంకే. వృథాగా పోయే పొగతోనే చక్రం తిప్పి, గాలిని కుక్కి లోపలికి పంపితే చిన్న ఇంజన్ పెద్ద పని చేస్తుంది. పొగ మీద, మైలేజీ మీద ప్రభుత్వాలు నిబంధనలు బిగిస్తున్నకొద్దీ కంపెనీలకు దీన్ని మించిన దారి కనబడలేదు.

అయితే ఆ కాగితం మీద రాయని ముచ్చట ఒకటుంది. ఆ 760 న్యూటన్ మీటర్లను ఫెరారీ కింది గేర్లలో పూర్తిగా ఇవ్వదు. ఒక్కో గేరుకు కొంత కొంత పెంచుతూ పోయి, ఏడో గేరులోనే మొత్తం వదులుతుంది. ఎందుకంటే టార్క్ అంతా కిందనే దొరికితే, పైదాకా తొక్కాలన్న కోరిక నడిపేవానికి చచ్చిపోతుంది. ఇంజన్ గొంతు పెరుగుతుంటే వెనక నుంచి తోపు కూడా పెరగాలి, అందులోనే మజా ఉంది. కంపెనీ ఆ మజా కోసం తన చేతిలో ఉన్న బలాన్ని తానే దాచిపెట్టింది. టర్బో లెక్క చెప్పే దోస్తు ముందు ఈ మాట పెట్టు, అతను కూడా ఆలోచనలో పడతాడు.

లెక్క ఒక్కటే చూస్తే ఏమవుతుందో మెర్సిడెస్ సీ63 చూపించింది. పాతదాంట్లో 4 లీటర్ల వీ8. 2022లో దాన్ని తీసేసి 2 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బోకు మోటారు, బ్యాటరీ కలిపారు. పవర్ 510 నుంచి 680కి పెరిగింది. బరువు రెండు టన్నులు దాటింది. బరువు పక్కన పెడితే కాగితం మీద కొత్తదే గొప్ప, అయినా దాన్ని ఇష్టపడ్డవాళ్లకు మనసు నిండలేదు. నాకూ నిండలేదు.

గేర్‌బాక్స్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. నేను ఆటోనగర్‌లో చాలా ఏళ్లు గేర్‌బాక్సులు విప్పినవాణ్ని, నా ప్రాణం అక్కడే ఉంది.

నువ్వు చూసిన డీఎస్‌జీ, పోర్షే పీడీకే, రెండూ డ్యూయల్ క్లచ్ రకమే. డ్యూయల్ క్లచ్ అంటే ఒక పెట్టెలో ఇద్దరు మనుషులను కూర్చోబెట్టినట్టు. ఒకటి, మూడు, అయిదు, ఏడు గేర్లు ఒకరి చేతిలో, రెండు, నాలుగు, ఆరు ఇంకొకరి చేతిలో. నువ్వు రెండో గేరులో పోతుంటే మొదటివాడు మూడో గేరు ముందే వేసి పట్టుకుని ఉంటాడు. మారాల్సినప్పుడు ఒక క్లచ్ వదులుతుంది, ఇంకొకటి పడుతుంది, అంతే. మధ్యలో తోపు తెగదు. పోర్షే దీన్ని 1980ల్లోనే రేసుల్లో పరీక్షించింది. రోడ్డు మీది కార్లలో 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32తో మొదలైంది. ఎంత చెయ్యి తిరిగిన డ్రైవరైనా దీనికన్నా వేగంగా గేరు మార్చలేడు. వేగమే కొలత అయితే ఇక మాట్లాడేది లేదు, బావ ఓడిపోయినట్టే.

కానీ బావ అడుగుతున్నది వేగం కాదు. నడిపేటప్పుడు తనకేం పని ఉందని అడుగుతున్నాడు. మూడు నుంచి రెండుకు దించేటప్పుడు క్లచ్ తొక్కి, కొంచెం రేస్ ఇచ్చి, గేరు వేస్తే, ఇంజన్ వేగం చక్రాల వేగంతో సరిగ్గా కలిసినప్పుడు గేర్ రాడ్ వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. కలవకపోతే బండి ముందుకు ఊగి నీ తప్పును నీకే చూపిస్తుంది. ఆ కలవడం కోసం ఏళ్ల తరబడి నేర్చుకుంటారు. అది ఇష్టమైనవానికి పెడల్ తీసేయడమంటే చేతిలో పనిముట్టు లాక్కున్నట్టు. బావ మాట తీరు తప్పు, కానీ ఆయన బాధ నిజం. మీ ఇద్దరూ రెండు వేరు వేరు ప్రశ్నలకు జవాబులు చెప్పుకుంటూ ఒకే ప్రశ్న మీద కొట్లాడుతున్నామనుకున్నారు. అక్కడే మాట తూలింది.

డిజైన్ గురించి నువ్వన్నది కొంత ఒప్పుకుంటాను. 2020లో ఎం4 ఆ నిలువు గ్రిల్‌తో వచ్చినప్పుడు నాకూ నచ్చలేదు. రోజూ చూస్తే అలవాటవుతుందని కొందరన్నారు, నాకు ఇప్పటికీ కాలేదు. అయినా అందులోంచి గాలి లోపలికి పోయి రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, దాని పని అది చేస్తుంది. నాకు అసలు కోపం వచ్చేది మూసిన రంధ్రాల మీద. కొత్త సుప్రా ఒంటి నిండా గాలి దారుల్లాగా కనిపించేవి చాలా ఉంటాయి. వాటిలో కొన్ని ప్లాస్టిక్‌తో మూసేసినవి, వేలు కూడా దూరదు. దర్వాజ బొమ్మ గీసి గోడను ఇల్లు అనమన్నట్టు ఉంటుంది. గ్రిల్ పెద్దదైనా పని చేస్తే దాన్ని క్షమించొచ్చు.

ఒకసారి పాలంపేట పోయి రామప్ప గుడి చూడు, ఇదివరకు చూసి ఉంటే శిఖరం మీద కన్ను పెట్టి మళ్లీ చూడు. 1213 నాటి ఆ గుడి శిఖరానికి కాకతీయుల కాలపు పనివాళ్లు నీళ్ల మీద తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. కింద రాతి స్తంభాల మీద బరువు పడకుండా పైభాగాన్ని తేలిక చేశారు. బీఎండబ్ల్యూ 2003లో ఎం3 సీఎస్ఎల్‌కు ఇనుప టాప్ తీసేసి కార్బన్ ఫైబర్ టాప్ వేసింది. అక్కడా ఉద్దేశం బరువు తగ్గించడమే. పైన బరువు తగ్గితే మలుపులో బండి తక్కువ ఒరుగుతుంది. పని చేస్తున్న వస్తువు అందంగా కూడా ఉంటే దాన్నే నేను మంచి డిజైన్ అంటాను. నువ్వు గ్రిల్ తిట్టేటప్పుడు "నచ్చలేదు" దగ్గర ఆగకుండా, ఏ పని చేయట్లేదో చూపించి తిట్టు. మీ చాయ్ హోటల్ ముచ్చట దానితో ఒక మెట్టు పైకి పోతుంది.

ఇప్పుడు నీ రెండు స్లావియాలు.

రెండింటిలో ఇంజన్ ఒకటే, 1.5 టర్బో, 150 హార్స్ పవర్, 250 న్యూటన్ మీటర్లు, అది 1,600 ఆర్‌పీఎంకే అందుతుంది. హుజూరాబాద్ రోడ్డు మీద లారీని దాటడానికి ఇది పుష్కలం. స్పోర్ట్స్ కారు కాదని మీవాళ్లు అంటే అననీ. వరంగల్‌లో రోజూ నడిపే బండిలో ఇంత బలం మా కాలంలో కలలో కూడా లేదు. డీఎస్‌జీ బండిలో ఉన్నది ఏడు గేర్ల డ్రై క్లచ్ రకం. డ్రై అంటే క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లో మునిగి ఉండవు, వేడి పోవడానికి గాలే దిక్కు. ఆ గేర్‌బాక్స్ మోయగల హద్దు కూడా 250 న్యూటన్ మీటర్లే, అంటే ఈ ఇంజన్ దాన్ని అంచుదాకా వాడుతుంది. ఖాళీ రోడ్డు మీద దానంత హాయి ఇంకొకటి లేదు. చిక్కు వచ్చేది మే నెల మధ్యాహ్నం హనుమకొండ చౌరస్తాలో, బ్రేకు సగం వదిలి అంగుళం అంగుళం జరిగేటప్పుడు. ఆ జరుగుడులో క్లచ్ పూర్తిగా పట్టదు, పూర్తిగా వదలదు, రాచుకుంటూ ఉంటుంది.

నేను మొదటిసారి ఇట్లాంటి డ్రై డ్యూయల్ క్లచ్ విప్పిన రోజు ఇంకా గుర్తుంది. బండి ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. గేర్‌బాక్స్ ఇంజన్ నుంచి విడదీయగానే మాడిన వాసన కొట్టింది. ప్లేట్లు పట్టుకునే ఇనుప ముఖం మీద నెమలి మెడలాగా నీలం మచ్చలు, వేలితో రుద్దితే గాజులాగా నున్నగా జారింది. ఆ ఆసామి దుడుకుగా నడిపేవాడు కాదు, చాలా నెమ్మదస్తుడు. ఆ నెమ్మదే దాన్ని కాల్చింది. ట్రాఫిక్‌లో రోజూ బ్రేకు మీద కాలు తేలికగా పెట్టి జరుపుకుంటూ పోయేవాడు. ముందు బండి రెండు మూడు గజాలు పోయేదాకా పూర్తిగా ఆగి, తర్వాత ఒకేసారి కదిలితే ఆ ప్లేట్లు ఇంకా చాలాకాలం నడిచేవి.

అందుకే నేనైతే మాన్యువల్ తీసుకుంటాను. బావ చెప్పిన కారణం వేరు, నా కారణం వేరు. నువ్వు కొంటున్నది పాత బండి. ముందు ఓనరు దాన్ని ట్రాఫిక్‌లో ఎట్లా జరిపాడో నీకు తెలియదు. మాన్యువల్ క్లచ్ అరిగితే జారడం మొదలుపెట్టి నీకే చెప్తుంది, మార్చడానికి అయ్యే ఖర్చు కూడా ఓర్చుకోగలిగేది. డ్యూయల్ క్లచ్‌లో నీకు తెలిసే సరికి వణుకు మొదలై ఉంటుంది, దాని బిల్లు వేరే లెక్క. డీఎస్‌జీ కొత్త బండి అయ్యుంటే నీ మనసు ఎటుంటే అటే పొమ్మనేవాణ్ని.

అయినా చూడకుండా వదిలేయకు. రెండు బండ్లనూ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే చూడు. అమ్మేవాళ్లు ముందే స్టార్ట్ చేసి వేడిచేసి పెడితే ఇంకో రోజు వస్తానను. డీఎస్‌జీని ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కుడు మీద ఆపి, ఏసీ వేసి, నెమ్మదిగా కదిలించు. ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు మారేటప్పుడు సీటు కింద వణుకు గానీ, టకటక గానీ రావద్దు. తర్వాత ఎత్తు ఉన్న చోట రివర్స్‌లో పది గజాలు పోనియ్యి, అరిగిన క్లచ్ అక్కడ దాక్కోలేదు. మాన్యువల్‌లో నాలుగో గేరులో, తక్కువ వేగంలో ఒక్కసారి పూర్తిగా తొక్కి చూడు. ఆర్‌పీఎం ముల్లు ఎగిరి, బండి ఎగరకపోతే క్లచ్ జారుతున్నట్టు. ఏదైనా సరే, టర్బో బండికి ఆయిల్ సమయానికి మార్చినట్టు కాగితం ఉండాలి. కాగితం లేకపోతే ధర ఎంత తగ్గించినా నమస్తే పెట్టి వచ్చేయ్. ఇవన్నీ దాటి డీఎస్‌జీ శుభ్రంగా నిలబడి, నీ మనసు ఇంకా దాని మీదే ఉంటే తీసుకో. నడిపేది నువ్వు.

బావ సంగతి. ఆయన అన్న మాట రాశావు, నువ్వు అన్న మాట రాయలేదు. అంటే అది కూడా తేలికది కాదని నాకు అర్థమైంది. అక్క మధ్యలో నలిగిపోతున్నది, అందుకని నువ్వే ముందు పో. క్షమాపణ మాటలు నోటికి రాకపోతే "బావా, రెండు బండ్లు చూడాలె, క్లచ్ నీకే బాగా తెలుస్తది, రా" అని పిలువు. బండ్ల మీద అంత ప్రాణమున్న మనిషి ఆ మాటకు రాకుండా ఉండడు.

వచ్చాక డీఎస్‌జీ స్టీరింగ్ ఆయనకే ఇవ్వు. ముందే ఒక్క మాట చెప్పు, ఎడమ కాలు సీటు కిందికి ముడుచుకొమ్మని. ఇన్నేళ్లు మాన్యువల్ నడిపిన కాలు లేని పెడల్ కోసం వెతికి, బ్రేకును క్లచ్ అనుకుని గట్టిగా తొక్కుతుంది. వెనక ఆటో ఉంటే గుద్దుతుంది. మొదటి పది నిమిషాలు నువ్వు పక్కన కూర్చుని ఆ కాలు మీదే కన్ను వేసి ఉంచు.